ఎనిమిది అక్షరాల ఖాళీ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మూడు నెలలాయన నాకు ఫోన్ చేశాడు. ఆయన అసలు పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. మా గురువుగారు దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ మనిషిని పేరుతో పిలవలేదు. ఆ నియమం నేనెందుకు తప్పాలి?

గురువుగారు ఇంకా విజయనగరంలోనే ఉన్నారా, ఆయనతో ఒకసారి మాట్లాడాలి అన్నాడు. ఆయన పోయి పదకొండు రోజులైందని చెప్పాను.

"అయ్యో" అన్నాడు. ఆ అయ్యోకీ తర్వాతి మాటకీ మధ్య రెండు సెకన్లు కూడా లేవు. "నోట్‌బుక్ లాంటిది ఏమైనా వదిలి వెళ్ళారా?"

వదిలి వెళ్ళారు. అది అప్పుడు నా బల్ల సొరుగులోనే ఉంది. ఈ ఫోన్ వస్తుందని గురువుగారు ముందే చెప్పారు. ఏం జవాబు చెప్పాలో కూడా చెప్పారు.

"ఉందండీ. ఊరికే ఇవ్వొద్దన్నారు" అన్నాను.

గురువుగారి గురించి చెప్పాలంటే ముందు స్వెటర్ గురించి చెప్పాలి. మెరూన్ రంగు, చేతుల్లేనిది, కుడివైపు కింద ఒక చిల్లు. విజయనగరంలో మే నెలలో కూడా అది తొడుక్కునే ఆఫీసుకు వచ్చేవారు. వెనకటి రోజుల్లో మెషిన్ రూమ్ ఎప్పుడూ చల్లగా ఉండాలి, లేకపోతే యంత్రం మొరాయిస్తుంది. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలో భార్య అల్లి ఇచ్చింది. తర్వాత యంత్రం చిన్నదైంది, పెద్ద ఏసీలు పోయాయి, సీలింగ్ ఫ్యాన్ కింద అందరికీ చెమటలు కారే రోజులొచ్చాయి. స్వెటర్ మాత్రం పోలేదు. అడిగితే, "మెషిన్‌కి సలి పోయినాది గాని నాకు పోలేదు" అనేవారు.

తర్వాత చెప్పులు. దుమ్ము పడకూడదని మెషిన్ రూమ్ బయట చెప్పులు విడిచేవాళ్ళట. ఆయన కంప్యూటర్ ఉన్న ఏ గదిలోకి వెళ్ళినా విడిచేవారు. బ్యాంకులో, ఆసుపత్రి కౌంటర్ దగ్గర, ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గరి జిరాక్స్ షాపులో కూడా. మా ఆఫీసులో ఒక్క గదిలోకి మాత్రం చెప్పులతో వెళ్ళేవారు, గుమ్మంలో నేలకేసి రెండుసార్లు గట్టిగా తట్టి మరీ. ఒకప్పుడు మూడు నెలలాయన కూర్చున్న గది అది. ఆయన ఉద్యోగం మారి వెళ్ళి ఏళ్ళయి, అందులో ప్రింటర్ కాగితాల కట్టలు పెట్టుకుంటున్నా సరే, తట్టడం ఆగలేదు.

ఇక కార్డులు. తెరలూ కీబోర్డులూ రాకముందు చిల్లులు పొడిచి యంత్రానికి తినిపించిన అట్టముక్కలు. అవి వాడడం మానేసిన రోజున మిగిలినవన్నీ ఇంటికి మోసుకుపోయారు. ఆయన రాసే ప్రతి చీటీ వాటి మీదే. ఒకవైపు ఎవరో కార్మికుడి హాజరు చిల్లులు, రెండోవైపు "బీరకాయలు అరకిలో, కొత్తిమీర, దోమల చుట్ట".

నేను ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి వెళ్ళలేదు. మా కుటుంబాన్ని పాడు చేసిన మనిషి ఎలా ఉంటాడో చూడడానికి వెళ్ళాను.

మాది శ్రీకూర్మం దగ్గర చిన్న ఊరు. మా నాన్న శ్రీకాకుళం వైపు ఒక జూట్ మిల్లులో బదిలీ కార్మికుడు. బదిలీ వాళ్ళంటే రోజూ పొద్దున సైరన్‌కి ముందే గేటు దగ్గర నిలబడి, పర్మినెంటు మనిషి రాని మగ్గం మీదకి వెళ్ళేవాళ్ళు. ఎవరు ముందు వెళ్ళాలో ఒక జాబితా ఉంటుంది. ఎవరు ఎన్ని రోజులు పనిచేస్తే జాబితాలో అంత పైకి వెళ్తారు. పర్మినెంటు ఖాళీ వస్తే పైనున్నవాడిది. నాన్న ఆరేళ్ళు గేటు దగ్గర నిలబడి జాబితాలో నాలుగోవాడయ్యాడు. అప్పటికి నాకు మూడేళ్ళు.

ఒకరోజు గేటు దగ్గర కొత్త కంప్యూటర్ పెట్టారు. నాన్న తన ఇత్తడి టోకెన్ ఇస్తే గుమాస్తా నంబరు కొట్టి, ఈ టోకెన్ మీద మనిషి లేడన్నాడు. మనిషిని ఎదురుగా నిలబడి ఉన్నాను గదా అన్నాడట నాన్న. మళ్ళీ కొత్తగా రాసుకుని జాబితా అడుగున పెట్టారు. ఆరేళ్ళూ పోయాయి. ఆ నెలలోనే పర్మినెంటు ఖాళీలు నాలుగు వచ్చాయి. నాన్నకి రావాల్సింది నాన్న పెదనాన్న కొడుక్కి, అంటే మా పెదనాన్నకి వెళ్ళింది. నాన్న రెండు నెలలు చూసి విశాఖపట్నం తాపీ పనికి పోయాడు. అన్నదమ్ములిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు మావి.

విజయనగరంలోని మెషినోడే తప్పు చేశాడని, తానే ఒప్పుకుని కాగితం రాసి ఇచ్చాడని మిల్లంతటికీ తెలిసింది. "ఆ మెషినోడు మన పేరు తినీసినాడు" అన్న మాట మా ఇంట్లో అన్నం తిన్నన్నిసార్లు విన్నాను. ఆ రెండు నెలల్లో ఆ మనిషి మిల్లుకి వచ్చినప్పుడల్లా నాన్న ఎదురుపడి మరీ ఉమ్మేవాడట.

విజయనగరంలో ఇంజనీరింగ్ అయ్యాక నాకు మూడు ఉద్యోగాలు వచ్చాయి. అన్నింటికన్నా తక్కువ జీతం ఉన్నదాంట్లో చేరాను. నాన్న మిల్లుతో పాటు ఆ యజమానుల నాలుగు మిల్లులకీ లెక్కలు చూసే కంప్యూటర్ ఆఫీసది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర ఒక జాబితా ఉంది. ఒకటి, మెషినోడు రాసిన ప్రోగ్రాం తెరవాలి. రెండు, అందులో తప్పు పట్టుకోవాలి. మూడు, నలుగురి ముందు అతని చేతికివ్వాలి.

అప్పటికే ఆయన రిటైరయ్యారు. అయినా మూడు నెలలకోసారి బదిలీ జాబితా తీయడానికి పిలిచేవాళ్ళు. ఆ ప్రోగ్రాం ముట్టుకునే ధైర్యం ఇంకెవరికీ లేదు. నేను చేరిన రెండో వారంలో వచ్చారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, స్వెటర్ సర్దుకుని, నన్ను పైనుంచి కిందకి చూశారు.

"ఏ ఊరు బాబూ?"

చెప్పాను.

"నాన్న పేరేటి?"

"కూర్మినాయుడు."

"తాత?"

"అప్పన్న."

కీబోర్డు మీద ఆయన వేళ్ళు ఆగాయి. "ఇంకొకటి సెప్పు. మీ నాయనమ్మ పేరేటి?"

ఉద్యోగంలో ఎవరూ అడగని ప్రశ్న. "సూరమ్మ" అన్నాను.

కళ్ళు మూసుకున్నారు. "రెండు వేల నూట పద్నాలుగు" అన్నారు.

అది నాన్న టోకెన్ నంబరు. మా ఇంట్లో మేకుకి ఇంకా వేలాడుతోంది.

"మీ నాన్న నన్ను సూసి ఉమ్మీవోడు. నువ్వూ అందుకే వచ్చినావేటి?"

ఆయన బల్ల కింద నుంచి పొడవాటి ప్రింటవుట్ కట్ట తీసి నా ముందు పడేశారు. "ఉమ్ముదువు గాని, ముందు ఇది సదువు. సదివినోడే ఉమ్మాల."

పదకొండు రోజులు చదివాను. ప్రోగ్రాంలో రెండు రకాల లైన్లుంటాయి. ఒకటి యంత్రం కోసం రాసేవి. రెండోది కామెంట్లు. ముందు ఒక నక్షత్రం గుర్తు పెడితే ఆ లైనును యంత్రం వదిలేస్తుంది. అది మనుషుల కోసమే. ఆయన కామెంట్లు తెలుగులో రాశారు, ఇంగ్లీషు పెద్దక్షరాలతో, మా యాసలోనే. కార్మికుడి వివరాలు మొదలయ్యే చోట, పేరు, ఇంటిపేరు, తండ్రి, ఊరు, టోకెన్ అయ్యాక, చివర ఎనిమిది అక్షరాల ఖాళీ ఉంది. దానికి పేరు లేదు. దాని మీద నాలుగు లైన్ల కామెంటు:

"ఈ ఖాళీ ఖాళీ కాదు. ఇందులో అమ్మ పేరు ఉన్నాది. మనకాడ మగోళ్ళ పేర్లు కలిసిపోతాయి. అమ్మలు వేరే ఊళ్ళ నుంచి వస్తారు, కలవరు. దీన్ని తీసీకండి."

చదవగానే మా ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. మా ముత్తాత సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని కొడుకులిద్దరికీ ఆ పేరే పెట్టాడు. పెద అప్పన్న, చిన అప్పన్న. ఇద్దరూ తమ పెద్ద కొడుక్కి తాత పేరు, కూర్మినాయుడనే పెట్టారు. మిల్లు గుమాస్తాలు పెద, చిన రాయరు. కాబట్టి కాగితం మీద మా నాన్నా మా పెదనాన్నా ఒక్కటే: అదే ఇంటిపేరు, అదే పేరు, అదే తండ్రి, అదే ఊరు. టోకెన్లు వేరంటారా, అవి రోజూ పోతుంటాయి, మళ్ళీ కొత్తవి ఇస్తుంటారు. శ్రీకూర్మం చుట్టూ ఇలాంటి జంటలు ఎన్నో. గురువుగారికి ఇది తెలుసు. ఆయన ఒక వేసవి అంతా నాలుగు మిల్లుల గేట్ల దగ్గరా స్టూలు వేసుకు కూర్చుని, ఒక్కొక్కణ్ణీ మీ అమ్మ పేరేటి అని అడిగారు. కొందరు నవ్వారట, ఒకడు కొట్టడానికి వచ్చాడట. రికార్డులో మిగిలింది ఎనిమిది అక్షరాల చోటే. కొత్తగా ఒక గడి చేర్చాలంటే పై అనుమతి కావాలి, అది రాలేదు. పేర్లను ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి కత్తిరించి ఆ ఖాళీలో పెట్టేశారు. మా నాయనమ్మ పట్టింది. ఎదురింటి గౌరమ్మ, పెదనాన్న తల్లి, ఆమె కూడా పట్టింది. అప్పలనరసమ్మలు సగమే పట్టారు.

ఆ తర్వాతి కథ ఆయన ఒక్కసారిగా చెప్పలేదు. టీలకీ బజ్జీలకీ మధ్య, నాలుగేళ్ళలో, ముక్కలు ముక్కలుగా చెప్పారు. నేను వరసలో పెడుతున్నాను.

దేశమంతటా పెద్ద యంత్రాల కాలం అయిపోయిందని చెప్పుకునే రోజులవి. ప్రతి బల్ల మీదా ఒక చిన్న కంప్యూటర్, వాటన్నిటికీ వడ్డించడానికి మధ్యలో ఒక సర్వర్, ఇదే భవిష్యత్తు. దాన్ని తేవడానికి హైదరాబాదు నుంచి మేనేజర్ వచ్చాడు. మెషిన్ రూమ్‌లోకి బూట్లతో నడిచి వచ్చి, చుట్టూ చూసి, "మూడు నెలలు. ఈ ఇనుమంతా తూకానికి అమ్మేసి ఇక్కడ క్యాంటీన్ పెడదాం" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన మూడు నెలలాయన.

వివరాలు కొత్త యంత్రంలోకి మార్చేటప్పుడు ఆ ఎనిమిది అక్షరాల గడికి పేరు లేదని తీసేశాడు. అమ్మ పేర్లు పోయాయి. ఆ తర్వాత కొత్త ప్రోగ్రాం ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడనుకుని జంటలను కలిపేసి, ఒకడి రోజులు రెండోవాడి లెక్కలో వేసింది. ముప్ఫై ఏడుగురు మాయమయ్యారు. సంగతి బయటపడేసరికి పర్మినెంటు ఆర్డర్లు చేతుల్లోకి వెళ్ళిపోయాయి.

జనరల్ మేనేజర్ గదిలో పంచాయితీ. గురువుగారు ప్రింటవుట్ పట్టుకెళ్ళి ఆ నాలుగు లైన్లూ చూపించారు. మూడు నెలలాయన నవ్వి, కామెంట్లు ఎవరు చదువుతారండీ అన్నాడు. గదిలో మరో ఇద్దరు కూడా నవ్వారు. గురువుగారికి వాళ్ళ పేర్లు గుర్తున్నాయి, ఏ కుర్చీల్లో కూర్చున్నారో కూడా. చివరికి ఒక కాగితం టైపు చేయించారు: పాత డేటాలో తప్పుల వల్ల పేర్లు పోయాయి, బాధ్యత నాది. సంతకం పెడితే బదిలీ జాబితా ఒక్కటీ పాత యంత్రం మీదే ఉంచుతాం, పెట్టకపోతే రేపే పాత వివరాలున్న టేపులతో సహా తూకానికి అన్నారు. టేపులు పోతే మిగిలిన జంటలన్నీ పోతాయి. ఆయన సంతకం పెట్టారు. ఈ సంగతి బయట చెప్పనని మాట కూడా ఇచ్చారు.

మా నాన్నకైనా చెప్పాల్సింది కదా అని అడిగాను.

"మాటిచ్చినాను గదరా. నీకూ నేను సెప్పలేదు. నువ్వు సదివినావు."

ఆ పెద్ద యంత్రం తూకానికి వెళ్ళలేదు. కొత్త తెరలు రంగురంగుల్లో వచ్చాయి. కానీ వాటిలో బదిలీ జాబితా నొక్కితే ప్రశ్న వెనకదారిన పాత యంత్రానికి వెళ్ళేది, జవాబు అక్కడి నుంచి వచ్చేది. అడిగే చిన్న యంత్రాలు క్లయింట్లు, చెప్పే పెద్దది సర్వర్ అయితే, పారేస్తానన్న యంత్రమే సర్వర్ అయింది. మూడు నెలలాయన అదంతా తన పథకమేనని యజమానులకు చెప్పి, ఒక షీల్డు పుచ్చుకుని, రెండేళ్ళలో పెద్ద కంపెనీకి వెళ్ళిపోయాడు. యంత్రమూ మారింది. గదంత ఉన్నది బీరువా అయింది. బీరువా పెట్టె అయింది. ఇప్పుడు ఆ పెట్టె కూడా లేదు, ఇంకో సర్వర్‌లో ఒక మూల తాను పాత యంత్రాన్నే అనుకుంటూ నడుస్తోంది. మార్పు జరిగిన ప్రతిసారీ గురువుగారు ఆఫీసుకు వచ్చి, చెప్పులు విడిచి, ఒక్క లైను కామెంటు చేర్చి వెళ్ళేవారు.

"కొత్త స్క్రీన్ పెట్టినారు. రంగులు బాగున్నాయి. లెక్క నన్నే అడిగినాది. మూడు నెలలు ఇంకా అవలేదు."

"గదిలోంచి బీరువాలోకి వచ్చేం. ఒక్క లైనూ మారలేదు. మూడు నెలలు ఇంకా అవలేదు."

"నేను రిటైరయిపోయేను. ఇది అవలేదు. మూడు నెలలు ఇంకా అవలేదు."

అలాంటివి నలభై రెండు. పగను ఇంత శుభ్రంగా, వరసగా, తేదీలతో రాసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నా పగ ఆయన మీద నుంచి లేచి మూడు నెలలాయన మీదకి వెళ్ళడానికి ఆ పదకొండు రోజులు సరిపోయాయి.

ఆయన్ని మంచివాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఒక గుమాస్తా ఎప్పుడో మూడు నెలలాయన బ్యాగు మోశాడని చివరిదాకా అతనికి పని నేర్పలేదు. సొంత మేనకోడలి పెళ్ళికి ఆ మనిషి వస్తున్నాడని తెలిసి తాను వెళ్ళడం మానేశారు. పిన్ని, అంటే వాళ్ళావిడ, ఒక్కర్తే వెళ్ళొచ్చింది. మూడు నెలలకోసారి జాబితా తీశాక కళ్ళజోడు తీసి ముప్ఫై ఏడు పేర్లూ అమ్మల పేర్లతో సహా చదివేవారు. చూడకుండానే. ఎవడెవడు ఇప్పుడు జాబితాలో ఎక్కడ ఉండాల్సిందో కూడా చెప్పేవారు, చచ్చిపోయినవాళ్ళది సహా.

నాకు ఆయన మీద కోపం వచ్చిన రోజు కూడా ఒకటుంది. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "గురువుగారూ, ఆ ఖాళీకి ఒక పేరు పెట్టి ఉంటే సరిపోయేది కదా. చేర్చడానికి అనుమతి లేదు గాని, పేరు పెట్టడానికి ఎవరి అనుమతి కావాలి?"

ఆయన లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ జాబితా తీసే రోజుదాకా నాతో మాట్లాడలేదు. ఆ రోజు పని అయ్యాక, తెర వైపే చూస్తూ, మెల్లగా అన్నారు. "పెట్టాల్సింది. ముప్ఫై ఏడుగురు."

అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ నాకు అర్థమైంది, ఆ పగలో కొంత ఆయన మీద ఆయనకున్నదే.

తర్వాత నేను అక్కడ మానేసి, ఇంకోచోట అదే జాతి యంత్రం మీద పనికి చేరాను. పెద్ద యంత్రాలు పోతాయన్నవాళ్ళే ఇప్పుడు వాటి మీద పనిచేసేవాళ్ళు దొరకడం లేదంటున్నారు. నాకు నాలుగు మెతుకులు పెడుతున్నది ఆయన విద్యే.

ఆఖరుసారి చూసింది ఇంట్లో, మంచం మీద. స్వెటర్ వదులైపోయింది. తలగడ కింద నుంచి నోట్‌బుక్ తీసి ఇచ్చారు. మిల్లువాళ్ళు మొత్తం మార్చేస్తున్నారని, దానికి సలహాదారుగా మూడు నెలలాయన్నే పెట్టుకున్నారని ఆయనకు అప్పటికే కబురు అందింది.

"ఆడొస్తాడు" అన్నారు. "జాబితా ఎందుకలా వస్తాదో ఆడికి తెల్దు. రాకేటి సేస్తాడు. పుస్తకం ఇయ్యి. ఆళ్ళ పేర్లు మళ్ళీ పోకూడదు. కాని ఊరికే ఇయ్యకు. మొదటి పేజీ సూడు."

మొదటి పేజీలో మూడు వాక్యాలున్నాయి, మూడు నెలలాయన తన చేత్తో రాసి సంతకం పెట్టాల్సినవి. నేను చదివాను. మొదటి వాక్యం దగ్గర ఆగి ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఫోన్ వచ్చిన తర్వాతి శనివారం మూడు నెలలాయన విజయనగరం వచ్చాడు. నేను ఆయన్ని గురువుగారి ఇంటికే రమ్మన్నాను. తెల్లజుట్టు, ఖరీదైన కళ్ళజోడు, మర్యాదైన మాట. బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు. అది నేను ప్రత్యేకంగా చూశాను. ఫోటోకి దండ వేసి ఉంది, కింద స్వెటర్ మడతపెట్టి ఉంది. పిన్ని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన నిలబడింది.

నోట్‌బుక్ మొదటి పేజీ తెరిచి ముందు పెట్టాను. చదివాడు. ముఖం మారలేదు. ఇదంతా చాలా పాత విషయం కదా అన్నాడు. ఆ రోజుల్లో అందరం కుర్రాళ్ళం, ఒత్తిడి అలా ఉండేది అన్నాడు. తర్వాత నా ఉద్యోగం గురించి అడిగాడు, జీతం అడిగాడు, తన కంపెనీలో ఇలాంటి మనుషులు కావాలన్నాడు.

"ఈసారి యజమానులకి ఎంతలో అవుతుందని చెప్పారండీ?" అన్నాను.

"మూడు నెలలు."

"ఎన్ని అయ్యాయి?"

"రెండున్నర."

నేను పెన్ను మూత తీసి ఇచ్చాను. ఆయన పిన్ని వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటుందేమోనని. ఆమె చూపు కాగితం మీదే ఉంది. అప్పుడు రాశాడు. తెల్లకాగితం మీద, మూడు వాక్యాలూ, సంతకంతో. చదివి వినిపించమన్నాను.

"మీరే చూసుకోండి, ఉంది కదా."

"చదవాలండీ. ఇంట్లోవాళ్ళు వినాలి."

చదివాడు. గొంతు రెండో వాక్యం దగ్గర తగ్గింది, మళ్ళీ పెంచమన్నాను.

"ఖాళీకి పేరు పెట్టకపోవడం ఆయన తప్పు. మీద రాసింది చదవకుండా దాన్ని తీసెయ్యడం నా తప్పు. ముప్ఫై ఏడుగురి పేర్లు పోయింది నా తప్పు వల్ల, ఆయన సంతకం పెట్టిన కాగితం అబద్ధం."

నోట్‌బుక్ ఇచ్చేశాను. నిలబడే పేజీలు తిప్పాడు, అమ్మ పేర్ల సంగతి, రోజులు సమానమైతే ఎవరు ముందో ఆ నియమాలు, కత్తిరించిన పేర్ల పట్టిక. ముఖంలో నిజమైన ఊరట కనబడింది. కారెక్కి వెళ్ళిపోయాడు.

పిన్ని వీధి మలుపు దాకా ఆ కారును చూసింది. "ఆ మనిసిని ముప్ఫై ఏళ్ళు ఈ ఇంట్లో మేపినాం బాబూ" అంది. "మంచం మీద, కంచం కాడ, ఎక్కడ సూసినా ఆయనే. పెళ్ళిలో మందిలో పోల్చుకోలేపోయేను, ఇయ్యాలే మొకం సూసేను. ఇంత సన్నంగా ఉన్నాడేటి?"

ఆ కాగితం ఆమెకివ్వబోతే వద్దంది. తనకి అక్కర్లేదని, ఎవరికి కావాలో వాళ్ళకివ్వమని అంది.

మూడు లాంతర్ల దగ్గర ముప్ఫై ఏడు జిరాక్సులు తీయించాను. షాపులోకి వెళ్ళేముందు చెప్పులు విడిచానని బయటికి వచ్చాక గమనించాను. మూడు ఆదివారాలు బండి మీద తిరిగి జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చాను. పదముగ్గురు పోయారు. వాళ్ళ పిల్లలకిచ్చాను. ఒకాయన చదివి నవ్వి, ఇది ముప్ఫై ఏళ్ళు ముందు తేవలేపోయావా అన్నాడు. ఒకావిడ మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుంది. మిల్లు కాలనీలో ఒకతను ఇంటి గోడకి అంటించాడు. మిల్లు గేటు దగ్గర నోటీసు బోర్డుకి కూడా ఒకటి అంటిందని విన్నాను. అది నేను చేసింది కాదు. చేసినవాడికి నా అభినందనలు.

మా నాన్నకి ఆఖర్న ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, రెండుసార్లు చదివాడు. పేజీ వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని.

"మరి ఆయన మీద ఉమ్మినాను గదరా" అన్నాడు.

నాన్న లేచి ఆ కాగితం పట్టుకుని, వీధి దాటి, ఎదురింటి అరుగు ఎక్కాడు. మా పెదనాన్న లోపలి నుంచి బయటికి వచ్చాడు. ఇద్దరు కూర్మినాయుళ్ళూ ఆ అరుగు మీద కూర్చుని ఒకే కాగితం చదవడం మా గుమ్మంలోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

ఇక ఒక్క సంగతి మిగిలింది. ఆ నోట్‌బుక్‌లో మొదటి పేజీ తప్ప ప్రతి వాక్యమూ ప్రోగ్రాం కామెంట్లలో ఉంది. అక్షరం తేడా లేదు. నోట్‌బుక్ ఇచ్చే ముందే, నా దగ్గరున్న ఆఖరి ప్రింటవుట్ పక్కన పెట్టి సరిచూశాను. ఆ ప్రోగ్రాం అప్పుడూ మూడు నెలలాయన చేతిలో ఉంది, ఇప్పుడూ ఆయన కంప్యూటర్‌లోనే ఉంది. తెరిచి చదివి ఉంటే ఆయన విజయనగరం రానక్కర్లేదు, బూట్లు విప్పనక్కర్లేదు, ఏ కాగితమూ రాయనక్కర్లేదు. గురువుగారికి ఇది తెలుసు. ఆ మనిషి ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా తెరవడని ఆయన పందెం కాశారు.

ప్రోగ్రాం అట్టడుగున, అన్నింటికన్నా ఆఖరున ఆయన చేర్చిన కామెంటు ఇది: "ఇక్కడిదాకా సదివినోడికి పుస్తకం అక్కర్లేదు."

ఇది రాస్తున్న ఇవాళ్టి వరకూ ఆ లైను సంగతి అడుగుతూ మూడు నెలలాయన దగ్గర నుంచి నాకు ఫోన్ రాలేదు.